తాండవ జలాశయం

తాండవ జలాశయం ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రం, అనకాపల్లి జిల్లా, నర్సీపట్నం ప్రాంతంలో తాండవ నదిపై నిర్మించిన సాగునీటి ప్రాజెక్టు. తూర్పు కనుమల పాదభాగాన, కొండల నడుమ మట్టికట్ట వేసి నది నీటిని నిలువ చేయుట వలన ఈ జలాశయం ఏర్పడినది. దీని క్రింద అనకాపల్లి, కాకినాడ జిల్లాలలో 51,465 ఎకరాల ఆయకట్టు కలదు. నర్సీపట్నం, తుని పరిసరాల ప్రజలకు ఇది వనభోజనాలకు, సెలవుదినాల విహారానికి తెలిసిన స్థలం కూడా. స్థానికులు దీనిని "తాండవ డ్యాం", "తాండవ రిజర్వాయరు" అని వ్యవహరిస్తారు.

2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు ఈ జలాశయం విశాఖపట్నం జిల్లాలోను, దాని ఆయకట్టు విశాఖపట్నం, తూర్పు గోదావరి జిల్లాలలోను ఉండేవి. అందువలన పాత పుస్తకాలలో, ప్రభుత్వ పత్రాలలో ఆ జిల్లాల పేర్లే కనిపిస్తాయి.

ముఖ్య వివరాలు

- నది: తాండవ
- సమీప పట్టణాలు: నర్సీపట్నం, తుని
- కట్ట రకం: మట్టికట్ట, గేట్లతో కూడిన పొర్లుమార్గం
- పూర్తి నీటిమట్టం: సముద్రమట్టానికి 380 అడుగులు
- కనిష్ఠ నీటిమట్టం: 345 అడుగులు
- నీటి నిలువ సామర్థ్యం: సుమారు 4.96 టి.ఎం.సి.లు
- మొత్తం ఆయకట్టు: 51,465 ఎకరాలు
- పూర్వపు విశాఖపట్నం జిల్లా ఆయకట్టు: 32,689 ఎకరాలు
- పూర్వపు తూర్పు గోదావరి జిల్లా ఆయకట్టు: 18,776 ఎకరాలు

ఉనికి

జలాశయం నర్సీపట్నానికి పడమర దిశలో, నాతవరం, గొలుగొండ మండలాల ప్రాంతంలో, జి.కె.గూడెం గ్రామ సమీపాన ఉన్నది. నర్సీపట్నం పురపాలక సంఘం కలిగిన పట్టణం, రెవెన్యూ డివిజను కేంద్రం. చింతపల్లి మొదలైన మన్యం ప్రాంతాలకు వెళ్ళే వారికి ఈ పట్టణం ముఖద్వారం వంటిది. రైలులో వచ్చేవారు చెన్నై - హౌరా ప్రధాన మార్గంలోని తుని గాని, నర్సీపట్నం రోడ్ స్టేషను గాని దిగి రోడ్డు మార్గాన రావచ్చును. నర్సీపట్నం రోడ్ స్టేషను పేరుకు నర్సీపట్నందే అయినా పట్టణానికి చాలా దూరంలో ఉన్నదని క్రొత్తవారు గమనించాలి.

జలాశయానికి ఎగువన ఉన్నది కొండలు, అడవులు, గిరిజన గ్రామాలతో కూడిన ప్రాంతం. దిగువన ఉన్నది వరి, చెరకు పండే మైదానం. ఈ రెండు భూభాగాలు కలిసే చోట కట్ట ఉండుట వలన కొండ మీద కురిసిన వాన మైదానపు పంటకు చేరే ముందు కొంతకాలం ఇక్కడ ఆగుతుంది.

తాండవ నది

తాండవ తూర్పు కనుమలలో పుట్టి ఆగ్నేయ దిశగా ప్రవహించే చిన్న నది. గోదావరి, కృష్ణా నదుల వలె దీనికి ఇతర రాష్ట్రాల నుండి వచ్చే నీరు లేదు. పరీవాహక ప్రాంతంలోని కొండలపై కురిసే వర్షమే దీనికి ఆధారం. జలాశయం దాటిన తరువాత నది తుని, పాయకరావుపేట పట్టణాల మధ్యగా సాగి, పెంటకోట వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. తుని కాకినాడ జిల్లాలోను, పాయకరావుపేట అనకాపల్లి జిల్లాలోను ఉన్నవి. ఆ ప్రాంతంలో నదియే రెండు జిల్లాలకు సరిహద్దుగా ఉన్నది.

పాయకరావుపేట ప్రాంతంలో నడిచిన సహకార చక్కెర కర్మాగారానికి తాండవ పేరే పెట్టారు. నదికి, చెరకు సాగుకు ఈ ప్రాంతంలో ఉన్న సంబంధాన్ని ఆ పేరు తెలుపుతుంది.

మట్టికట్ట - పని చేసే విధానం

ఆనకట్టలను రాతితోను, కాంక్రీటుతోను, మట్టితోను నిర్మిస్తారు. రాతి, కాంక్రీటు ఆనకట్టలు తమ బరువుతో గట్టి రాతి పునాదిపై నిలబడతాయి. మట్టికట్టకు అంత గట్టి పునాది అవసరం లేదు. దాని వెడల్పయిన అడుగుభాగం బరువును నేలపై పరచి మోపుతుంది. కావలసిన మట్టి చాలవరకు చుట్టుప్రక్కలనే దొరుకుతుంది కనుక ఖర్చు తక్కువ. ఈ కారణాల వలననే తెలుగు నేలపై చెరువుల నుండి మధ్యతరహా ప్రాజెక్టుల వరకు మట్టికట్టలే ఎక్కువ.

మట్టికట్ట అనగా మట్టిని కుప్పగా పోయుట కాదు. సాధారణంగా ఇటువంటి కట్టలో ఈ క్రింది భాగాలు ఉంటాయి.

- నడిమి గోడ: నీటిని తేలికగా పోనివ్వని బంకమట్టితో కట్ట మధ్యలో వేసే భాగం. నీటిని ఆపే ముఖ్యమైన పని దీనిదే.
- పై పొరలు: నడిమి గోడకు రెండువైపులా గరుకు మట్టితో వేసి దానిని నిలబెట్టే భాగం.
- పునాది కందకం: కట్ట క్రిందుగా నీరు పారిపోకుండా గట్టి నేల తగిలే వరకు త్రవ్వి, బంకమట్టితో నింపే కందకం.
- వడపోత పొర: కట్టలోకి ఇంకిన నీటిని, మట్టి కొట్టుకొని పోకుండా, బయటకు పంపే ఇసుక, కంకర పొర.
- రాతి తాపడం: నీటివైపు వాలుపై పరచే రాళ్ళు. అలల తాకిడికి మట్టి కోసుకొని పోకుండా ఇవి కాపాడతాయి.
- పచ్చిక: దిగువ వాలుపై పెంచే గడ్డి. వాన నీటికి కట్టపై చారలు పడకుండా ఇది ఉపయోగపడుతుంది.

కట్టను పలుచని పొరలుగా వేస్తారు. ప్రతి పొరకు తగినంత తడి ఉండేలా చూసి రోలర్లతో అణచుతారు. తడి తక్కువైతే మట్టి రేణువుల మధ్య ఖాళీలు మిగులుతాయి. ఎక్కువైతే మట్టి మెత్తబడి బలం కోల్పోతుంది. అందుచేత కట్ట నిర్మాణంలో మట్టి ఎంత ముఖ్యమో, ఆ మట్టిలోని తడి కూడా అంతే ముఖ్యం.

ప్రతి మట్టికట్టలోకి కొంత నీరు ఇంకుట సహజం. ఇంకిన నీరు ఎటు పోవుచున్నది, ఎలా పోవుచున్నది అనునదే ప్రశ్న. దిగువన కనిపించే ఊట తేటగా, ప్రతి ఏటా ఒకే పరిమాణంలో ఉంటే సాధారణంగా భయపడనవసరం లేదు. ఊట నీరు ఉన్నట్టుండి పెరిగినా, బురదగా మారినా కట్ట లోపలి మట్టి కొట్టుకొని వచ్చుచున్నదని అర్థం. అటువంటప్పుడు వెంటనే చర్య తీసుకొనవలెను.

ప్రాచీన చెరువుల శాస్త్రం

మట్టికట్టల గుణదోషాలను తెలుగువారు చాలాకాలం క్రిందటే గుర్తించారు. కడప జిల్లాలోని పోరుమామిళ్ళ చెరువు వద్ద గల క్రీ.శ. 1369 నాటి శాసనం ఇందుకు సాక్ష్యం. విజయనగర రాజవంశీయుడైన భాస్కర భవదూరుడు ఆ చెరువును త్రవ్వించెను. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను ఆ శాసనం పేర్కొన్నది. కట్ట నుండి నీరు ఊరుట, నేల చవుడు అగుట, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండుట, చెరువు నడుమ నేల ఎత్తుగా ఉండుట, నీరు తక్కువై సాగు చేయవలసిన భూమి ఎక్కువగుట, భూమి తక్కువై నీరు ఎక్కువగుట అనునవి ఆ ఆరు దోషాలు.

ఆధునిక ప్రాజెక్టులను ఆ శాసనంతో పోల్చి చూచుట విద్యార్థులకు ఆసక్తికరమైన పని. తాండవ ఆయకట్టు రెండు జిల్లాలకు విస్తరించి ఉన్నది. దాని నిలువ సామర్థ్యానికి భూమి ఎక్కువ. కట్ట కనుక ఊటను ఎల్లప్పుడూ గమనించవలసి ఉంటుంది. ఆరు వందల సంవత్సరాలకు పూర్వం వ్రాసిన జాబితాలోని మూడు అంశాలు నేటి సాగునీటి చర్చలలో కూడా వినిపిస్తూ ఉండుట గమనింపదగినది.

నీటిమట్టం

వానాకాలంలో ఈ ప్రాంతపు వార్తలలో తరచుగా వినిపించే అంకె 380 అడుగులు. ఇది జలాశయపు లోతు కాదు. నీటి ఉపరితలం సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉన్నదో తెలిపే కొలత. 380 అడుగులు అనగా సుమారు 115.8 మీటర్లు. నీరు ఈ మట్టానికి చేరినప్పుడు జలాశయం నిండినట్లు లెక్క.

రెండవ ముఖ్యమైన అంకె 345 అడుగులు. నీరు ఈ మట్టానికి దిగిన తరువాత కాలువలకు విడుదల చేయరు. ఆ క్రింద మిగిలిన నీటిని డెడ్ స్టోరేజి అంటారు. కాబట్టి సాగుకు పనికివచ్చేది 345 అడుగులకు, 380 అడుగులకు మధ్యనున్న 35 అడుగుల నీరు మాత్రమే.

ఈ 35 అడుగులలో ప్రతి అడుగు విలువ ఒకటి కాదు. కొండల మధ్య లోయ అడుగున ఇరుకుగా, పైకి పోయిన కొద్దీ వెడల్పుగా ఉంటుంది. అందువలన పై అడుగులో ఉండే నీరు క్రింది అడుగులోని నీటి కంటె చాలా ఎక్కువ. నీటిమట్టం 380 నుండి 370కి తగ్గినప్పుడు చూచువారికి జలాశయం ఇంకా నిండుగానే కనిపించవచ్చు. అప్పటికి రైతు వాడుకొనదగిన నీటిలో పెద్ద భాగం ఖర్చయి ఉంటుంది. అదే విధంగా నడి వేసవిలో సందర్శకునికి విశాలమైన సరస్సు కనిపిస్తున్నా, మట్టం 345 దగ్గర ఉంటే కాలువలకు ఇవ్వడానికి నీరు లేనట్లే. సరస్సు అందమును బట్టి నీటి లభ్యతను అంచనా వేయరాదు.

ఆయకట్టు

జలాశయం నీరు కాలువల ద్వారా అనకాపల్లి జిల్లాలో నాతవరం, నర్సీపట్నం, కోటవురట్ల తదితర మండలాలకు, కాకినాడ జిల్లాలో కోటనందూరు, రౌతులపూడి, తుని ప్రాంతాలకు చేరుతుంది. ఖరీఫ్ వరి ప్రధానమైన పంట. చెరకు కూడా ఈ ప్రాంతంలో చాలాకాలంగా సాగులో ఉన్నది.

జూన్, జూలై మాసాల వర్షాలకు రైతులు నారుమళ్ళు పోస్తారు. జలాశయంలో చేరిన నీటిని బట్టి కాలువలకు నీరు విడుదల చేసే తేదీని నిర్ణయిస్తారు. నీరు త్వరగా విడుదల చేస్తే నాట్లు సకాలంలో పడతాయి, కాని పంట చివరలో నీరు చాలక పోవచ్చు. ఆలస్యంగా విడుదల చేస్తే నారు ముదిరిపోతుంది. వరికి పొట్ట దశలోను, గింజ పాలు పోసుకొనే దశలోను నీరు తప్పనిసరి. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో వానలు మొగం చాటేస్తే రైతులందరి చూపు జలాశయం మట్టం మీదనే ఉంటుంది.

నీరు చాలునా? - ఒక లెక్క

ఈ లెక్కను విద్యార్థులు స్వయంగా చేసి చూడవచ్చును. ఒక టి.ఎం.సి. అనగా వంద కోట్ల ఘనపుటడుగులు. ఒక ఎకరంలో 43,560 చదరపు అడుగులు ఉన్నవి. కావున ఒక టి.ఎం.సి. నీటిని ఒక అడుగు లోతున పరిస్తే దాదాపు 22,957 ఎకరాలు తడుస్తాయి.

4.96 టి.ఎం.సి.లను ఇదే విధంగా లెక్కిస్తే సుమారు 1,13,900 ఎకరాలకు ఒక అడుగు లోతు నీరు వస్తుంది. దీనిని 51,465 ఎకరాలకు పంచితే ఎకరానికి సుమారు 2.2 అడుగులు. మీటర్ల లెక్కలో జలాశయం పూర్తి నిలువ దాదాపు 14 కోట్ల ఘనపు మీటర్లు.

వరి పంటకు నాటు నుండి కోత వరకు, వర్షంతో కలిపి, సుమారు 4 అడుగుల నీరు అవసరమని సాధారణ అంచనా. పై 2.2 అడుగులలో కూడా డెడ్ స్టోరేజి భాగం వాడుటకు రాదు. ఎండకు ఆవిరయ్యేది, కాలువలలో ఇంకిపోయేది తీసివేస్తే పొలానికి చేరేది ఇంకా తగ్గుతుంది. మరొకవైపు, పంట కాలంలో కురిసే వర్షం పొలంలో నేరుగా పడుతుంది. నదిలో వచ్చే క్రొత్త నీరు జలాశయాన్ని మరల కొంత నింపుతుంది. కాబట్టి తాండవ జలాశయం వర్షానికి బదులుగా నిలిచేది కాదు, వర్షానికి తోడుగా నిలిచేది. వర్షం తగ్గిన సంవత్సరంలో జలాశయంలోకి నీరు తగ్గుతుంది, పొలంలో వాన కూడా తగ్గుతుంది. రెండు ఆధారాలు ఒకేసారి బలహీనపడుటయే ఈ ఆయకట్టు రైతు ఎదుర్కొనే అసలు కష్టం.

శివారు భూములు

ఏ కాలువకైనా మొదటి భాగంలోని పొలాలకు నీరు ముందు అందుతుంది. కాలువ చివరనున్న శివారు భూములకు ఆలస్యంగా, తక్కువగా అందుతుంది. కాలువలో పూడిక పేరుకొన్నా, గుర్రపుడెక్క, తూటికాడ వంటి మొక్కలు పెరిగినా, గట్లకు గండ్లు పడినా మొదట నష్టపోయేది శివారు రైతే. తాండవ వంటి రెండు జిల్లాల ప్రాజెక్టులో ఈ సమస్యకు పాలనాపరమైన చిక్కు కూడా తోడవుతుంది. నీరు నిలువ ఉండే జిల్లా ఒకటి, ఆయకట్టులో ఒక భాగం ఉన్న జిల్లా మరొకటి కావడమే ఇందుకు కారణం.

నీటి పంపిణీలో రైతులకు భాగస్వామ్యం కల్పించడానికి ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం 1997లో సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టాన్ని చేసినది. దీని ప్రకారం ఆయకట్టు రైతులు నీటి వినియోగదారుల సంఘాలుగా ఏర్పడతారు. పై స్థాయిలో ప్రాజెక్టు కమిటీ ఉంటుంది. కాలువల మరమ్మతులు, వంతులవారీగా నీటి పంపిణీ, తగాదాల పరిష్కారం ఈ సంఘాల పనులలో ముఖ్యమైనవి. రాష్ట్రంలో ఈ సంఘాలకు 2024 డిసెంబరులో ఎన్నికలు జరిగినవి.

ఏలేరు - తాండవ అనుసంధానం

తాండవ నీటి కొరతను తీర్చుటకు ఏలేరు నీటిని ఈ ఆయకట్టుకు మళ్ళించే పథకాన్ని రూపొందించారు. ఏలేరు జలాశయం కాకినాడ జిల్లా ఏలేశ్వరం వద్ద ఉన్నది. తాండవ కంటె ఇది చాలా పెద్దది. ఏలేరు కాలువ నుండి నీటిని మోటార్లతో ఎత్తిపోసి తాండవ కాలువలకు చేర్చుట ఈ పథకం ఉద్దేశ్యం.

470.05 కోట్ల రూపాయల అంచనా వ్యయంతో తలపెట్టిన ఈ పథకానికి 2022 డిసెంబరు 30న నాటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహనరెడ్డి నర్సీపట్నం సమీపంలోని జోగునాథునిపాలెంలో శంకుస్థాపన చేశారు. ప్రస్తుతమున్న 51,465 ఎకరాల ఆయకట్టును స్థిరీకరించుట, క్రొత్తగా 5,600 ఎకరాలకు నీరందించుట దీని లక్ష్యాలు. రెండూ కలిపి 57,065 ఎకరాలు.

ఎత్తిపోతల వలన రైతుకు మరొక నది నీరు తోడవుతుంది. కొండలపై వాన తగ్గిన ఏడాది కూడా పంట నిలబడే అవకాశం కలుగుతుంది. అయితే గురుత్వం వలన దానంతట అదే పారే కాలువకు లేని ఖర్చు ఎత్తిపోతలకు ఉంటుంది. విద్యుత్తు, మోటార్ల నిర్వహణ ప్రతి ఏటా భరించవలసినవే.

వరదలు, కట్ట భద్రత

మట్టికట్టకు పెద్ద శత్రువు దానిపై నుండి పొర్లే నీరు. రాతి ఆనకట్టపై నుండి కొంతసేపు నీరు పొర్లినా అది తట్టుకొనవచ్చు. మట్టికట్టపై నీరు పొర్లితే దిగువ వాలు కోసుకొని పోయి, కొద్ది గంటలలోనే గండి పడే ప్రమాదం ఉన్నది. అందువలన పూర్తి నీటిమట్టానికి పైన కట్ట శిఖరం కొంత ఎత్తున ఉండేలా నిర్మిస్తారు. అధిక జలాలను పంపుటకు పొర్లుమార్గాన్ని, దానికి గేట్లను ఏర్పాటు చేస్తారు. గేట్లు సకాలంలో తెరచుకొనుట కట్ట ప్రాణానికి సంబంధించిన విషయం.

ఇటీవలి సంవత్సరాలలో తెలుగు రాష్ట్రాలలో జరిగిన రెండు దుర్ఘటనలు ఈ విషయాన్ని గుర్తు చేసినవి. 2021 నవంబరు 19న రాజంపేట సమీపాన చెయ్యేరు నదిపై గల అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట భారీ వరదకు కొట్టుకొని పోయి దిగువ గ్రామాలలో ప్రాణనష్టం జరిగినది. 2024 జూలై 18న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అశ్వారావుపేట మండలంలోని పెదవాగు ప్రాజెక్టు కట్టకు గండి పడినది. పెదవాగు ఆయకట్టులో అధికభాగం ఆంధ్ర ప్రదేశ్‌లో ఉండుట వలన రెండు రాష్ట్రాల రైతులు నష్టపోయారు.

తాండవ పరీవాహక ప్రాంతం కొండ ప్రదేశం కావుటచే వాన నీరు వేగంగా దిగి వస్తుంది. బంగాళాఖాతంలో అల్పపీడనాలు, తుపానులు ఏర్పడే అక్టోబరు, నవంబరు మాసాలలో జలాశయం అప్పటికే నిండుగా ఉండే అవకాశం ఎక్కువ. 2012 నవంబరులో నీలం తుపాను సందర్భంగా ఉభయ జిల్లాలలోను భారీ వర్షాలు కురిసినవి. ఇటువంటి సమయాలలో గేట్లు ఎత్తే ముందు నది దిగువ గ్రామాల వారిని, తుని, పాయకరావుపేట వాసులను అధికారులు హెచ్చరిస్తారు.

నిర్వాహకులు ఎదుర్కొనే సందిగ్ధం ఇక్కడే ఉన్నది. ముందుగా నీరు వదిలితే, తరువాత వానలు రాకపోయినచో రైతుకు నీరు తక్కువవుతుంది. చివరి వరకు ఆపితే ఒక్కసారిగా ఎక్కువ నీరు వదలవలసి వచ్చి దిగువ ఊళ్ళు మునుగుతాయి. వర్షపాతం, రాబోయే వరద పరిమాణం గురించి ముందస్తు సమాచారం ఎంత ఖచ్చితంగా ఉంటే ఈ నిర్ణయం అంత తేలిక అవుతుంది.

భారత పార్లమెంటు 2021లో ఆనకట్టల భద్రతా చట్టాన్ని ఆమోదించినది. 15 మీటర్లకు మించిన ఎత్తుగల ఆనకట్టలకు ఈ చట్టం వర్తిస్తుంది. 10 నుండి 15 మీటర్ల మధ్య ఎత్తు ఉన్నవాటిలో నిలువ సామర్థ్యం మొదలైన షరతులకు లోబడినవి కూడా దీని పరిధిలోకి వస్తాయి. వానాకాలానికి ముందు, తరువాత కట్టలను తనిఖీ చేయుట, ప్రమాద సమయంలో అనుసరించవలసిన ప్రణాళికను ముందుగానే సిద్ధం చేయుట ఈ చట్టంలోని ముఖ్యాంశాలు.

తనిఖీలో చూచే విషయాలు సామాన్యులకు చిన్నవిగా తోచవచ్చును. కట్ట మీద చెట్టు మొలచినదా, చీమలపుట్టలు, ఎలుక బొరియలు ఉన్నవా, రాతి తాపడం జారినదా, గేట్లకు నూనె ఉన్నదా, దిగువన నేల క్రొత్తగా చెమ్మగిల్లినదా అన్నవి వాటిలో కొన్ని. చెట్టు వేరు కుళ్ళిపోతే ఆ దారిన నీరు కట్ట లోపలికి ప్రవేశిస్తుంది. కావుననే కట్టపై చెట్లు పెరగనివ్వరు.

పరీవాహక ప్రాంతం, పూడిక

కొండల నుండి వచ్చే ప్రతి వరద తనతో మట్టిని తెస్తుంది. జలాశయంలో నీటి వేగం తగ్గగానే ఆ మట్టి అడుగున చేరుతుంది. కాలక్రమేణ నిలువ సామర్థ్యం తగ్గుతుంది. ఎగువన అడవి దట్టంగా ఉంటే ఆకులు, వేళ్ళు వాన దెబ్బను తగ్గించి మట్టిని పట్టి ఉంచుతాయి. అడవి పలుచబడిన చోట, నేల త్రవ్విన చోట మట్టి ఎక్కువగా కొట్టుకొని వస్తుంది.

నాతవరం మండలం సరుగుడు పంచాయతీ ప్రాంతంలో లేటరైట్ ఖనిజ తవ్వకాలపై 2021లో వివాదం చెలరేగి జాతీయ హరిత ట్రిబ్యునల్ వరకు వెళ్ళినది. జలాశయం జీవితకాలం కట్ట బలంపై ఎంత ఆధారపడి ఉన్నదో, ఎగువ కొండల స్థితిపై కూడా అంతే ఆధారపడి ఉన్నది.

విహారస్థలం

కార్తీక మాసంలో కుటుంబాలు, బడిపిల్లలు, ఉద్యోగులు వనభోజనాలకు ఇటువంటి జలాశయాల వద్దకు వచ్చుట ఉత్తరాంధ్రలో వాడుక. ఆ మాసానికి వానలు తగ్గుముఖం పడతాయి. మంచి వానలు పడిన ఏడాది జలాశయం నిండుగా ఉంటుంది. కొండలు పచ్చగా, ఎండ మెత్తగా ఉంటుంది. ఉదయం పూట కొండల నీడ నీటిలో పడుట, సాయంకాలం గట్టు మీద చల్లని గాలి ఇక్కడి ఆకర్షణలు. జలాశయాలలో బొచ్చె, శీలావతి వంటి చేపలు పెరుగుతాయి. వేట సమీప గ్రామాల మత్స్యకారులకు జీవనాధారం.

వేసవిలో నీరు వెనుకకు తగ్గి ఒడ్డున బురద నేల బయటపడుతుంది. విహారానికి వచ్చేవారికి ఈ దృశ్యం నిరాశ కలిగించవచ్చు. నిజానికి ఆ నీరు పంటకు పోయిన నీరు. సాగు కోసం కట్టిన జలాశయంలో నీటిమట్టం తగ్గుట దాని పని అది చేసినదనుటకు గుర్తు.

సందర్శకులకు జాగ్రత్తలు

సాగునీటి జలాశయం ఈతకొలను కాదు. క్రింది విషయాలు గుర్తుంచుకొనవలెను.

- ఒడ్డున నీరు లోతు లేనట్లు కనిపించినా, మునిగిన పాత వాగు గట్టు దగ్గర ఒక్కసారిగా లోతు పెరుగుతుంది.
- రాతి తాపడంపై నాచు పట్టి ఉంటుంది. జారిన మనిషి మరల పైకి ఎక్కుట కష్టం.
- తూముల దగ్గర పైకి నీరు నిలకడగా కనిపించినా లోపల లాగుడు ఉంటుంది. అక్కడ దిగరాదు.
- అడుగున పేరుకొన్న ఒండ్రులో కాళ్ళు కూరుకొని పోతాయి. ఈత వచ్చినవారికి కూడా ఇది ప్రమాదమే.
- గేట్లకు దిగువన నది ఇసుకలో వంటలు చేయరాదు. నీరు వదిలినప్పుడు ప్రవాహం త్వరగా పెరుగుతుంది.
- ప్లాస్టిక్ సంచులు, పళ్ళేలు వదలి వెళ్ళరాదు. అవి కొట్టుకొని పోయి తూములకు, కాలువలకు అడ్డుపడతాయి.
- కట్టపై గోతులు త్రవ్వి పొయ్యిలు పెట్టుట, రాళ్ళు పెకలించుట చేయరాదు.

చుట్టుప్రక్కల చూడదగినవి

జలాశయానికి ఎగువ దిశన గొలుగొండ మండలంలో కృష్ణదేవిపేట ఉన్నది. మన్యం వీరుడు అల్లూరి సీతారామరాజు ఈ గ్రామంలో, తాండవ నది ఒడ్డున కొంతకాలం నివసించెను. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసుస్టేషన్లపై ఆయన, అనుచరులు దాడి చేసి ఆయుధాలను స్వాధీనపరచుకొన్నారు. 1924 మే 7న ఆయనను బ్రిటిషు అధికారులు కాల్చి చంపిన తరువాత, ఆయన సమాధి కృష్ణదేవిపేటలో వెలసినది. తాండవ జలాశయాన్ని చూడవచ్చిన విద్యార్థులు ఈ స్థలాన్ని కూడా దర్శించుట మంచిది.

నర్సీపట్నం నుండి చింతపల్లి వెళ్ళే దారిలో చలికాలపు మంచుకు పేరుపొందిన లంబసింగి ఉన్నది.

ఇవి కూడా చూడండి

- కళ్యాణపులోవ జలాశయం (రావికమతం మండలం)
- కోనాం జలాశయం (చీడికాడ మండలం)
- పెద్దేరు జలాశయం (మాడుగుల మండలం)
- రైవాడ జలాశయం (దేవరాపల్లి మండలం)
- కొండకర్ల ఆవ (సహజ మంచినీటి సరస్సు)
- ఏలేరు జలాశయం
- పోరుమామిళ్ళ చెరువు
- అల్లూరి సీతారామరాజు
- నర్సీపట్నం